గేటు ఎత్తేసిన మర్నాడు

వంతెన కట్టిన పెద్దాయన పోయాక గేటు దగ్గర కూర్చునే పని కోడలి మీద పడింది. ప్రతి బండినీ ఆపి, నోటు తీసుకుని, చిల్లర తాపీగా లెక్కపెట్టి ఇచ్చి, ఆ తర్వాతే గేటు ఎత్తే ఆమెకు రెండు ఒడ్ల జనం కలిసి ‘చిల్లరమ్మ’ అని పేరు పెట్టారు. మామగారు నేర్పిన పద్ధతి అది; ఆమె మార్చలేదు. కానీ దర్జీ భార్య నొప్పులు పడుతూ ఎక్కిన ఆటో, ఇటుకల లారీ వెనక, ఆ చిల్లర లెక్క ముగిసేదాకా నిలబడిపోయిన రోజు నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. బిడ్డ క్షేమంగానే పుట్టింది. ఆటోలోంచి ఆ తల్లి చూసిన చూపు మాత్రం పోలేదు. అందుకే, కిందటి వారం భాగంలో చూసినట్టు, మంచం పట్టిన అత్తగారికి మాటమాత్రం చెప్పకుండా, ఇక ఈ వంతెన మీద ఎవరూ డబ్బు కట్టక్కర్లేదని నలుగురిలో చెప్పేసి, గేటు కర్రను ఊడదీయించింది.

తెల్లారాక ఆమె చేసిన మొదటి పని వీధి తలుపు తీసి ఊరికే గుమ్మంలో నిలబడటం.

హారన్లు లేవు. గొణుగుళ్లు లేవు. పాల సైకిలు వాడు గంట కొట్టి, చెయ్యూపి, సర్రున వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో అతను చెయ్యూపడం ఇదే మొదలు. కూరగాయల బుట్టలతో నడిచి వచ్చే ఆడవాళ్లు అలవాటు కొద్దీ గేటు ఉండే చోట ఆగి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకుని ముందుకు నడిచారు. అందులో ఒకావిడ వెనక్కి తిరిగి, “చల్లగా ఉండు తల్లీ” అంది. నిన్నటిదాకా ఆవిడే, బిగ్గరగా వినపడేట్టు, ఈ ఇంట్లో మంచినీళ్లక్కూడా టిక్కెట్టు కొడతారని అనేది.

కూతురు బడికి బయల్దేరుతూ ఆ పూట తల వంచుకోలేదు. బడి అవతలి ఒడ్డున ఉంది. వంతెన దాటినంతసేపూ తోటి పిల్లలు వెనకాల చేరి చిల్లరమ్మ కూతురా, రూపాయికి ఎన్ని పైసలే అని పాడేవాళ్లు. పిల్ల ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పేది కాదు; జడ విప్పుకుంటూ ఏడ్చేది. ఇవాళ ఇద్దరు పిల్లలు తమంతట తామే వచ్చి దాని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. గుమ్మంలోంచి చూస్తున్న తల్లి, వాళ్లు వంతెన దాటేదాకా లోపలికి వెళ్లలేదు. ఈ పని మామగారు పోయినప్పుడే, మూడేళ్ల కిందటే, ఎందుకు చెయ్యలేకపోయానా అనుకుంది.

భర్తకు అవతలి ఒడ్డున ఫోటో స్టూడియో ఉంది. మనిషి మంచివాడు, కలుపుగోలు, మాటల పుట్ట. ఏ ఇంట్లో ఏ శుభకార్యమైనా ముందు అతనికే తెలుస్తుంది, ఆ తర్వాత ఊరందరికీ అతని వల్ల తెలుస్తుంది. టోలు డబ్బు లేకపోయినా స్టూడియో మీదా, రెండు గదుల అద్దె మీదా బతికేయొచ్చని అతను నెల రోజులుగా అంటూనే ఉన్నాడు. సైకిలెక్కుతూ ఆవేళ ఆమెతో సాయంత్రం ఎటూ వెళ్లొద్దని, కాస్త మంచి బట్టలు కట్టుకుని ఉండమని చెప్పాడు. ఎందుకని అడిగితే ఈల వేసుకుంటూ పోయాడు.

ఇటుకల బట్టీ ఆయన మనుషులు వచ్చి ఊడదీసిన గేటు కర్రను అడిగారు. షెడ్డుకు దూలంగా పనికొస్తుందట. తీసుకుపొమ్మంది. కర్ర వెళ్లిపోయాక గేటు గది కడిగించి, ఇందులో ఒక కుట్టు మిషను పెట్టుకుంటే వెలుతురు ఎంత బాగుంటుందో అని లెక్కలు వేసుకుంది. లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగకుండా సాగిపోతుంటే డ్రైవర్లు సలాము కొట్టినట్టు చెయ్యి నుదుటికి ఆనించి వెళ్తున్నారు. ఆమె కూడా నవ్వుతూ చెయ్యెత్తింది.

సాయంత్రం కావస్తుండగా అత్తగారి గదిలోకి వెళ్లేసరికి మధ్యాహ్నం పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది.

ఆ గది ఇంటికి చిట్టచివర, నది వైపు. దాని వెనక గోడా, వంతెన ఈ ఒడ్డున ఆనుకున్న రాతికట్టూ ఒకటే. పెద్దాయన వంతెనతో పాటే ఇల్లూ కట్టాడు కనుక రాయి ఆదా అవుతుందని అలా కలిపేశాడు. అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని, కుడిచేతి అరచేతిని గోడకు ఆనించి ఉంచింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

కోడలికి ముందు వచ్చింది కోపమే. తనకు చెప్పకుండా చేసినందుకు ముసలావిడ అలిగిందని తెలుసు. అలక ఎన్నాళ్లుంటుందో కూడా తెలుసు; పెళ్లైన కొత్తలో వంటింటి అలమార సర్దుకున్నందుకే వారం మాట్లాడలేదు. మెత్తగానే మొదలుపెట్టింది. చెప్పకపోవడం తప్పేననీ, చెప్తే ఒప్పుకోరని భయపడ్డాననీ, ఇంటికి ఏ లోటూ రాదనీ, మందులకు ఎప్పటిలాగే వస్తాయనీ చెప్పుకొచ్చింది. అత్తగారు విన్నట్టు కూడా లేదు. కోడలి గొంతు కాస్త పెరిగింది. ఇన్నేళ్లూ నలుగురితో మాట పడింది తానేగాని ఈ గదిలో ఉన్నవాళ్లు కాదు కదా అంది.

“డబ్బు పోయిందని ఏడుస్తున్నాననుకుంటున్నావు,” అంది అత్తగారు, తల తిప్పకుండానే. “ఇలా రా. ఇక్కడ చెయ్యి పెట్టు.”

“ఎందుకత్తయ్యా?”

“పెట్టమన్నాను.”

కోడలు మంచం అంచున కూర్చుని అరచెయ్యి గోడకు ఆనించింది. గోడ చల్లగా ఉంది. లోపల్నుంచి సన్నగా ఒక అదురు, ఎక్కడో దూరాన ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు, చేతి ఎముకల్లోకి పాకుతోంది.

“ఒక బండి వెళ్తే ఇలా మొదలై, నడిమికి వెళ్లేసరికి ఎక్కువై, అవతల దిగేసరికి ఆగిపోతుంది. ముప్పై ఏళ్లుగా నాకిది తెలుసు. నిద్రలో కూడా తెలుసు. పొద్దుటి నుంచి ఇది ఆగడం లేదమ్మాయ్.”

కోడలికి అర్థం కాలేదు. బండ్లు తిరుగుతున్నాయి కనుక ఆగడం లేదు. అందులో వింతేముంది?

అత్తగారు అప్పుడు ఇటు తిరిగింది. తిరగడానికే చాలాసేపు పట్టింది. తలగడ ఎత్తు చేయబోతే వద్దని సైగ చేసింది. చెప్పదలుచుకున్నదంతా పైకప్పును చూస్తూ చెప్పింది, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ.

కోడలు ఈ ఇంట అడుగుపెట్టకముందు ఒక ఏడాది పెద్ద వరద వచ్చింది. వంతెన నిలిచింది, ఊరు ఊరంతా పెద్దాయనను పొగిడింది. నీళ్లు తీశాక ఆయన కిందకి దిగి చూస్తే నడిమి స్తంభం కాళ్ల కింద మట్టి లేదు. నది దాన్ని తోడుకుపోయింది. స్తంభం ఒక పక్కన గాల్లో ఉంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్యనొక్కదాన్నే తీసుకెళ్లాడు. నడుంలోతు నీళ్లలో నిలబడి ఆయన రాళ్లు పేర్చేవాడు, ఆవిడ గట్టు మీంచి తట్టలతో సిమెంటు అందించేది. దారినపోయేవాళ్లు అడిగితే పాచి గీకుతున్నామని చెప్పారు. ఆయనకు ప్రాణస్నేహితుడైన మేస్త్రి ఒకడు వచ్చి చూసి, ఒక్కో బండి అయితే మోస్తుందిగానీ రెండు బరువులు ఒక్కసారి ఎక్కితే తాను మాట ఇవ్వలేనన్నాడు. ఆ మేస్త్రీ పోయాడు. ఇవాళ ఆ సంగతి తెలిసిన మనిషి తానొక్కతే.

“చిల్లర నెమ్మదిగా ఇవ్వమని మీ మామయ్య నీకెందుకు నేర్పాడనుకున్నావు?” అంది అత్తగారు. “నోటు వెలుతురుకు పట్టి చూడమనీ, పెట్టె మూత పెట్టి మళ్లీ తియ్యమనీ. ముందు బండి అవతల దిగి దుమ్ము లేచేదాకా గేటు ఎత్తొద్దనీ.”

ఆ పాఠం కోడలికి అక్షరం అక్షరం గుర్తుంది. కొత్త కోడలిగా గేటు గదిలో స్టూలు మీద కూర్చుంటే పక్కన నిలబడి, తొందరపడితే వేళ్ల మీద చిన్నగా కొట్టి నేర్పాడాయన. ఆమె దాన్ని పిసినారితనం అనుకుంది. కొన్నాళ్లకు అధికారం చూపించుకోవడం అనుకుంది. ఆయన పోయాక చాదస్తం అని పేరు పెట్టి, పెద్దాయన మాట కనుక పాటించింది.

“మొదట్లో డబ్బు కోసం గేటు పెట్టాం,” అంది ముసలావిడ. “వరద తర్వాత గేటు ఉంచుకోవడం కోసం డబ్బు తీసుకున్నాం. అంతే తేడా. అవతల్నుంచి వచ్చేవి అన్నీ ఖాళీ బండ్లు, జనం, సైకిళ్లు. వాటితో బాధ లేదు. బరువంతా ఇటునుంచే వెళ్తుంది. ఇటు ఆపితే చాలు.”

ఆటోలోంచి చూసిన ఆ తల్లి చూపు కోడలి కళ్ల ముందుకొచ్చింది. ముందున్న ఇటుకల లారీ అవతల దిగేదాకా తాను నాణేలు వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. ఆ తప్పు కడుక్కోవడానికే కదా ఇదంతా చేసింది. తప్పే కాదని ఇప్పుడు తెలిసినా ఆ సంతోషం ఏమూలనా కలగలేదు.

“నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

ముసలావిడ చూపు మళ్లీ గోడ వైపు తిప్పుకుంది.

“మీ అబ్బాయికి చెప్పలేదంటే సరే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నాకెందుకు చెప్పలేదు? రోజూ ఆ స్టూలు మీద కూర్చున్నది నేను.”

“పరాయి పిల్లవనుకున్నాం,” అంది అత్తగారు. “పుట్టింటికి వెళ్లినప్పుడు ఎవరితోనో అంటావని. ఆనోటా ఆనోటా పాకి, ఆఫీసర్లు వచ్చి వంతెన మూయిస్తారని. ముందు అలా అనుకున్నాం. నువ్వలాంటిదానివి కాదని తర్వాత తెలిసింది. అప్పటికి చెప్పడానికి మొహం చెల్లలేదు.”

“మీ మనవరాలు ఏడుస్తూ వచ్చినప్పుడల్లా మీరీ గదిలోనే ఉన్నారు కదా.”

“ఉన్నాను. అన్నీ విన్నాను.”

ఆ మాట అని ముసలావిడ కళ్లు మూసుకుంది. ఏడవలేదు. రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. కోడలికి ఆవిడ మీద అరవాలనీ ఉంది, ఆ పళ్లెం తీసుకెళ్లి వేడిగా మళ్లీ వడ్డించి తేవాలనీ ఉంది. రెండూ చెయ్యక అలాగే కూర్చుంది. గోడ మీది చెయ్యి తియ్యడం మర్చిపోయింది.

కాసేపటికి అత్తగారు గేటు మళ్లీ పెట్టించమంది. మనసు మార్చుకున్నానని చెప్పమంది. డబ్బు కటకటగా ఉందనీ, ముసలిదాని మందులకు చాలడం లేదనీ ఏదో ఒకటి చెప్పమంది. అసలు సంగతి మాత్రం పైకి రానివ్వొద్దంది. కోడలు కర్రే లేదని చెప్పింది. బట్టీ వాళ్ల షెడ్డులో ఈపాటికి మేకులు దిగి ఉంటాయి. కర్ర కాకపోతే తాడు కట్టు, తాడు కాకపోతే బల్ల అడ్డం పెట్టు అంది అత్తగారు, ఆయాసపడుతూ.

అంటే మళ్లీ ఆ స్టూలు. మళ్లీ ఆ పేరు, ఈసారి రెట్టింపుగా. ఒక్క పూట మంచిదనిపించుకుని మర్నాటికే మాట తప్పిన మనిషిగా. చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లిన పిల్లలు రేపు దాని చెయ్యి వదిలేస్తారు. కోడలు అదంతా ఒక్కసారి తలుచుకుంది.

“గేటు పెట్టను. నిజం చెప్తాను,” అంది.

“చెప్పి?”

“మూయిస్తే మూయిస్తారు. మూశాకైనా గవర్నమెంటు వాళ్లు ఇంకోటి కడతారు.”

“కట్టేదాకా జనం ఎలా దాటుతారు? వంతెన వచ్చాక పడవలవాళ్లంతా పడవలు అమ్ముకుని వెళ్లిపోయారు. మన వంతెన ఉందనే కదా జనానికి గవర్నమెంటు ఇంకోటి కట్టలేదు, పునాదిరాయి వేసి ఆపేశారు. ఇంతమందికి దారి ఇచ్చామనుకున్నాం గానీ, వాళ్ల దారికి అడ్డంగా కూర్చున్నది మనమే. ఈ మాట మీ మామయ్య పోయేముందు అన్నాడు. దారీ మేమే, అడ్డూ మేమే అన్నాడు.” ముసలావిడ ఆగింది. “ఆయన పేరు చెడుతుందని కాదు నేను వద్దంటున్నది. చెడితే చెడుతుంది. తెలిసి తెలిసి ఇన్నేళ్లు జనాన్ని దాని మీద నడిపించామని నీ కూతురితో ఎవరు చెప్తారు? నేనైతే చెప్పలేను.”

ఆ క్షణంలో కోడలి చేతి కింద గోడ తేడాగా అదిరింది. అంతవరకు సన్నగా ఉన్నది ఒక్కసారి బరువుగా, దగ్గరగా. అలమారలో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది.

బట్టీ లారీలు సాయంత్రం లోడుతో వరసగా వస్తున్నాయి. మొదటిది అప్పటికే వంతెన మీద నడిమి దాటి పోతోంది. రెండోది ముందు చక్రాలు ఎక్కించింది. ఆమె పోయి దాని ముందు నిలబడింది. బ్రేకులు కీచుమన్నాయి. రోజూ వచ్చే డ్రైవరే. కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు.

“చిల్లర పని లేదుగా అక్కా ఇవాళ. ఊసుపోవడం లేదా?”

“వెనక్కి తియ్యి తమ్ముడూ. ముందుది అవతల దిగాక వెళ్దువు. ఒక్కొక్కటే వెళ్లండి.”

“ఎందుకని?”

ఆమె నోరు తెరిచి మూసుకుంది. అతను ఒక క్షణం ఎదురుచూసి, అలవాటు ఎక్కడికి పోతుందిలే అన్నట్టు తల ఊపి, లారీ వెనక్కి తీశాడు. వెనకాల మరో మూడు నిలిచాయి. ఎవరో హారను కొట్టారు. ఎవరో, టోలు తీసేసినా ఆపడం మాత్రం మానలేదురా బాబూ అని కేక వేశారు. దానికి అందరూ నవ్వారు.

మొదటి లారీ అవతల దిగింది. ఆమె ఊపిరి వదిలింది. ఇప్పటికి సరే. ఈ లారీల ముందు రాత్రిదాకా నిలబడగలదు. భర్త రాగానే అతనికి చెప్పాలి, నోరు కట్టేసుకోమని ఒట్టు పెట్టించుకుని చెప్పాలి, ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ఆలోచించాలి. తాను వచ్చేదాకా కదలొద్దని డ్రైవరుకు చెప్పి, లోపలికి వెళ్లి ఫోను తెచ్చుకుని భర్తకు చేసింది. అటువైపు మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చేసింది.

అవతలి ఒడ్డున ఏదో కోలాహలం.

ముందు ఆమెకు జనం తలలు మాత్రమే కనిపించాయి. తర్వాత ట్రాక్టరు. దాని వెనక ట్రాలీ నిండా మనుషులు నిలబడి ఉన్నారు. దాని వెనక మరొక ట్రాక్టరు, మరొక ట్రాలీ. పక్కల నడిచి వచ్చేవాళ్లు వంతెన వెడల్పంతా ఆక్రమించారు. దర్జీ భార్య పసిబిడ్డను భుజాన వేసుకుని ముందు వరసలో ఉంది. మొదటి ట్రాలీలో బడిపిల్లలు, నీలం యూనిఫారాలు. వాళ్ల మధ్య రెండు జడల కూతురు, కమ్మీ పట్టుకుని కాలి మునివేళ్ల మీద నిలబడి, తల్లి ఎక్కడుందా అని వెతుకుతోంది.

మంచి బట్టలు కట్టుకుని ఉండమని భర్త ఎందుకన్నాడో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమెకు థాంక్సు చెప్పడానికి ఆ ఒడ్డు ఒడ్డంతా కదిలి వస్తోంది.

అటునుంచి ఎప్పుడూ బరువు రాదని అత్తగారు ఇందాకే అంది.

భర్త అందరికన్నా ముందు, వెనక్కి నడుస్తూ, వాళ్లను చేతులతో పిలుస్తూ వస్తున్నాడు. భుజాన కెమెరా స్టాండు. సరిగ్గా నడిమికి వచ్చాక ఆగాడు. అటూ ఇటూ చూసి, నది రెండు వైపులా బాగా పడుతుందని తృప్తిపడ్డట్టు, స్టాండు కాళ్లు విప్పి నిలబెట్టాడు. మొదటి ట్రాక్టరు అతని ముందుకొచ్చి ఆగింది. రెండోది వచ్చి దాన్ని ఆనుకుని ఆగింది. నడిచి వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. ఇంకా వస్తూనే ఉన్నారు.

ఆమె వంతెన మీదకు పరిగెత్తింది. పేరు పెట్టి పిలిచింది, కూతుర్నీ, భర్తనూ. గాలి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు వీస్తోంది. ఆమె కేక ఆమె చెవులు దాటి వెనక్కి పోయింది. పరిగెడుతూనే రెండు చేతులూ పైకెత్తి, వెళ్లిపొమ్మని, వెనక్కి వెళ్లిపొమ్మని బలమంతా పెట్టి ఊపింది.

వాళ్లు ఆమెను చూశారు. భర్త కెమెరా వెనక నుంచి తలెత్తి నవ్వి, అందరి వైపూ తిరిగి ఏదో చెప్పాడు. ట్రాలీల్లో ఉన్నవాళ్లూ, కింద ఉన్నవాళ్లూ, పిల్లలూ, అంతా ఒక్కసారి రెండు చేతులూ పైకెత్తి ఆమెకు జవాబుగా ఊపడం మొదలుపెట్టారు.